కుక్కల పని నుంచి కాదు, కుక్కల పనితోనే విడుదల

సహోదరులారా, సహోదరీలారా, గడప దాటలేని మనిషిగా నేను కొంతకాలం బతికాను. కాళ్లు బాగానే ఉన్నాయి, కళ్లు బాగానే ఉన్నాయి, కానీ వీధి తలుపు గడియ మీద చెయ్యి వేస్తే చాలు, గొంతు బిగుసుకుపోయేది, అరచేతులు చెమటతో తడిసిపోయేవి, ఇంకొక్క అడుగు వేస్తే అక్కడికక్కడే ప్రాణం పోతుందనిపించేది. ఆ చీకటిలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. లాగాడు అన్న మాట ఊరికే అనలేదు, నిజంగానే లాగాడు!

నా పేరు ఎస్తేరు. మాది ఏలూరు. అక్కడ ఒక దినపత్రిక జిల్లా డెస్కులో నా జీవితంలో సగం గడిచింది. పల్లెల నుంచి విలేకరులు పంపే వార్తలు దిద్దడం, శీర్షికలు పెట్టడం, పేజీ పూర్తి చేసి పంపడం, అదే నా పని, అదే నా గర్వం. నా భర్త ప్రభువునందు నిద్రించిన కొద్ది నెలలకే జిల్లా ఎడిషన్ ఎత్తేశారు. పిల్లలు లేరు. ఇంట్లో మనిషి లేడు, ఆఫీసులో కుర్చీ లేదు. అన్నయ్య వచ్చి, "ఒక్కదానివే ఇక్కడేం చేస్తావు, పద" అని ఎల్బీనగర్ తీసుకొచ్చాడు. అన్నయ్య ఇక్కడి సంఘంలో పెద్ద, వాక్యం తెలిసినవాడు, పాట ఎత్తితే హాలంతా దద్దరిల్లే గొంతు ఆయనది. ఆయనా వదినా మూడో అంతస్తులో కిరాయికి ఉంటున్నారు. నాకు ఒక గది ఇచ్చారు. అందుకు నేను ఈనాటికీ కృతజ్ఞురాలినే, ముందు ఆ మాట చెప్పి తరువాత మిగతావి చెప్తాను.

వచ్చిన కొత్తల్లో వదినతో కలిసి దిల్‌సుఖ్‌నగర్ బజారుకు వెళ్లాను. మెట్రో మెట్లు దిగుతుంటే కింద జనం, హారన్లు, పండ్ల బండ్ల అరుపులు, కోచింగ్ పిల్లల గుంపులు, అంతా ఒక్కసారి మీద పడినట్లయింది. ఊపిరి ఆడలేదు. మెట్ల మీదే కూలబడ్డాను. ఆ రోజు నుంచి బయటికి వెళ్లడం ఆగిపోయింది. నన్ను పట్టుకుని ఆటోలో తీసుకెళ్తే ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, "గుండె నిక్షేపంగా ఉందమ్మా, ఇది భయం, మానసిక వైద్యుడికి చూపించుకోండి" అన్నారు. వదిన దారి పొడవునా, "మానసిక వైద్యుడా! సంఘంలో తెలిస్తే ఇంకేమన్నా ఉందా!" అంటూనే ఉంది. నేను చూపించుకున్నాను. ఆయన ఇచ్చిన మాత్రలు వేసుకున్నాను, ఇప్పటికీ వేసుకుంటున్నాను, ఆ మాట మీ అందరి ముందూ చెప్పడానికి సిగ్గుపడను. మందు కూడా దేవుడు ఇచ్చిందే!

సంఘంలోని సహోదరీలు ఇంటికి వచ్చి ప్రార్థించారు, నూనె రాశారు, శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. వాళ్ల ప్రేమను కాదనను. కానీ వాళ్లు వెళ్లగానే గది మళ్లీ మూసుకుపోయేది. ఆదివారం ఆరాధన కూడా ఫోనులోనే చూసేదాన్ని. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, ఇక బతకడం ఎందుకన్న ఆలోచన కూడా వచ్చేది. అలాంటి మధ్యాహ్నాల్లో ఆ పైకప్పు మీద నుంచే ఇంకొకరి ఏడుపు వినిపించేది.

ఆ బిల్డింగు ఓనరు భారతమ్మ. వాళ్లది పోచంపల్లి వైపు మగ్గాల కుటుంబం, ఇప్పుడు కొడుకులు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడుపుతున్నారు. ఆవిడ కింద అంతస్తులో ఉంటుంది. ఆవిడ పెంచుకున్న కుక్క షేరు, దూడంత ఉంటుంది. భారతమ్మ జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాక దాన్ని తిప్పేవాళ్లు లేక మేడ మీద నీళ్ల ట్యాంకు నీడన కట్టేశారు. అది పొద్దంతా ఏడ్చేది. పైన అది, కింద నేను! ఒక రోజు ఇక భరించలేక మంచం దిగి మోకరించి, "ప్రభువా, ఆ కుక్కనైనా విడిపించు, నన్నైనా విడిపించు, ఇద్దరి ఏడుపూ ఒకేసారి వినలేకపోతున్నాను" అని ప్రార్థించాను. అంతకంటే అందమైన ప్రార్థన నాకు రాలేదు.

మోకాళ్ల మీద నుంచి లేచాక ఒక గిన్నెలో నీళ్లు పట్టుకుని మేడ మెట్లు ఎక్కాను. పైకి వెళ్లడం బయటికి వెళ్లడం కాదు కదా, అందుకని ఆ భయం రాలేదు. షేరు నీళ్లు తాగలేదు, గొలుసు కొక్కెం వైపు చూసింది, నా వైపు చూసింది. కొక్కెం విప్పాను. అంతే! గొలుసు చేతికి చుట్టుకుని ఉండగానే అది మెట్ల మీదికి దూకింది, మూడో అంతస్తు, రెండో అంతస్తు, మొదటిది, నేను వెనకాల పడుతూ లేస్తూ, చెప్పులు కూడా లేకుండా, ఏం జరుగుతోందో తెలిసేలోపే వీధిలో ఉన్నాను. భారతమ్మ వరండాలో కట్టు కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుని ఉంది, మమ్మల్ని చూసి గట్టిగా అరిచింది.

"ఏయ్ ఎస్తేరమ్మా! ఇడ్వకు! ఇడ్సినవంటే ఎల్బీనగర్ చౌరస్తా దాంక ఉరుకుతది!"

విడవలేదు. విడిస్తే అది లారీ కింద పడుతుందన్న భయం నా భయాన్ని మింగేసింది. కొత్త కుక్కకు వీధి మొత్తం వార్తే అంటారు, షేరుకైతే ప్రతి స్తంభం ఒక జిల్లా పేజీ, ఆగి ఆగి, వాసన చూసి, ఆలోచించి గానీ కదలదు. అది ఆగినప్పుడల్లా నేను ఊపిరి పీల్చుకున్నాను. పార్కు గోడ చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేసరికి నా నుదుటి మీద చెమట ఉంది గానీ గొంతు బిగుసుకోలేదు. భారతమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు గడప దాటవని మీ వదినె చెప్పింది గదా. గిప్పుడెట్లొచ్చినవ్?"

"నేను రాలేదండీ, ఇదే తీసుకొచ్చింది."

"అయితే రేపు గూడ తీస్కపొమ్మను."

మర్నాడూ తీసుకెళ్లింది, ఆ మర్నాడూ తీసుకెళ్లింది. ఆ వారంలోనే మొదటిసారి తెల్లవార్లూ నిద్రపోయాను. దేవునికే మహిమ!

కొన్నాళ్లకు భారతమ్మే అంది, "ఊకె ఎందుకు తిప్పుతవమ్మా? పైసలు తీస్కో." నేను వద్దన్నాను. "నా కొడుకు దుకాణంల చీర ఊకెనే ఇస్తడా? పని పనే. మా వీధిల ఇంకో నలుగురి కుక్కలు గిట్లనే ఏడుస్తున్నయ్, ఆల్లను గూడ అడుగుత" అంది. ఆ రాత్రి నేను చాలా కాలం తరువాత ఒక శీర్షిక రాశాను: మీ కుక్కను నేను నడిపిస్తాను. కింద నా పేరు, ఫోను నంబరు. మందుల దుకాణం అద్దానికి ఒకటి, పాల బూతు దగ్గర ఒకటి అంటించాను. ముందు ఫోన్లు చేసినవాళ్లలో సగం మంది నవ్వడానికే చేశారు. మిగతా సగం మంది కుక్కల్ని ఇచ్చారు.

అలా ఈ నగరం నాకు కుక్కల వెనకాలే తెలిసింది. ఏ సందు మలుపులో వీధి కుక్కల గుంపు ఉంటుందో, ఏ గేటు దగ్గర వాచ్‌మన్ బకెట్టుతో నీళ్లు పెడతాడో, ఎండాకాలం తారు రోడ్డు ఎప్పుడు కాలడం మొదలవుతుందో తెలిసింది. అరచెయ్యి రోడ్డు మీద ఆనించి చూస్తాను, నా చెయ్యి కాలితే వాటి పాదాలూ కాలతాయి, అప్పుడిక వెనక్కే. చికెన్ దుకాణం ముందు లాబ్రడార్‌ను దాటించడం కన్నా ఒకప్పుడు అర్ధరాత్రి ఎన్నికల ఫలితాల పేజీ పూర్తి చేయడమే తేలిక. అవి రోడ్డు మీద చేసినవి ఎత్తడానికి పాత దినపత్రికలు వాడతాను. నవ్వకండి, ఒకప్పుడు నేను చెమటోడ్చి దిద్దిన కాగితం ఇప్పటికీ ఒకరికి పనికొస్తోంది!

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లెక్చరర్ దంపతులు తమ కుక్క కోసం పిలిచినప్పుడు మాత్రం వెంటనే సరేననలేకపోయాను, ఎందుకంటే ఆ మెట్రో మెట్లే మళ్లీ దిగాలి. రెయిలింగ్ పట్టుకుని, "ప్రభువా, కింద ఒక కుక్క నా కోసం చూస్తోంది, నన్ను దాని దగ్గరికి చేర్చు" అంటూ దిగాను. చేర్చాడు. అదే జనం, అవే హారన్లు, అవే పండ్ల బండ్లు, నేను మాత్రం నిలబడే ఉన్నాను. ఆ ఆదివారం సంఘానికి నడిచి వెళ్లాను. నన్ను చూసి ఎంత సంతోషించారు! కౌగిలించుకుని ఏడ్చారు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల సిద్ధం చేసే పరిచర్య కూడా నాకు ఇచ్చారు, తెల్లని గుడ్డ పరచడం, రొట్టె పళ్లెంలో సర్దడం, చిన్న గిన్నెల్లో ద్రాక్షరసం పోయడం. నా చేతులు అంత నెమ్మదిగా, అంత సంతోషంగా ఏ పనీ చేయలేదు.

ఆ తరువాత నా పని ఏమిటో వాళ్లకు తెలిసింది.

స్త్రీల సమాజం పెద్దావిడ నన్ను పక్కకు పిలిచారు. "తప్పుగా అనుకోకు ఎస్తేరూ. కుక్కల మలం ఎత్తే చేతులు... ప్రభువు బల్ల... నువ్వే ఆలోచించుకో."

"సబ్బుతో కడుక్కుంటానక్కా."

"సబ్బు సంగతి కాదమ్మా. లేఖనంలో కుక్కలు వెలుపలే ఉంటాయి."

లేఖనంలో ధనవంతుడి వాకిట్లో పడి ఉన్న బీదవాడి పుండ్లు నాకడానికి కుక్కలే వచ్చాయని కూడా ఉందని నేను అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. అన్నయ్య పక్కనే ఉన్నాడు, పాటల పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్లు తల దించుకున్నాడు. మరుసటి నెల బల్ల దగ్గర వేరొకరు ఉన్నారు. ఇంటికి వెళ్లాక వదిన, "ఏలూరులో సబ్ ఎడిటర్ గారు, ఎల్బీనగర్‌లో కుక్కల ఆయా! నలుగురిలో తలెత్తుకోనిస్తావా?" అంది. అంతటితో ఆగితే బాగుండేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా కోసం ఒక అంశం చేరింది. నేను మోకాళ్ల మీద ఉండగానే, నేను వింటుండగానే, నా పక్క సహోదరి కన్నీళ్లతో, "తండ్రీ, మా సహోదరిని ఈ కుక్కల పని నుంచి విడిపించు" అని మొరపెట్టేది. అందరూ ఆమేన్ అనేవారు. దేవుడు నన్ను విడిపించిన సాధనం నుంచే నన్ను విడిపించమని వీళ్లు ఆయన్నే అడుగుతున్నారు! ఇలాంటి పొరపాటును ప్రార్థన చేసేవాళ్లే చేయగలరు, అందుకే నాకు వాళ్ల మీద కోపం కన్నా నవ్వే ఎక్కువ వచ్చేది.

ఆ ప్రార్థనకు జవాబు వచ్చిందని ఒక రోజు అన్నయ్య మెరిసే ముఖంతో వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ప్రశ్నపత్రాల ప్రూఫులు దిద్దే ఉద్యోగం. "నీ చదువుకు తగ్గ పని, గౌరవమైన పని" అన్నాడు. ఆయన ప్రేమను అనుమానించను. చూడటానికి ఇద్దరం కలిసి వెళ్లాం. సెల్లార్‌లో గది, కిటికీ లేదు, ట్యూబు లైటు, మూసిన తలుపు. కుర్చీలో కూర్చోగానే గొంతు బిగుసుకుంది. అవే చేతుల చెమటలు! బాత్రూముకని చెప్పి మెట్ల దగ్గరికి వచ్చి గోడకు నుదురు ఆనించి, "ప్రభువా, ఇది నీ జవాబే అయితే ఈ గదిలో నాకు ఊపిరి ఇవ్వు. కాకపోతే అన్నయ్య ముందు కాదని చెప్పే నోరు ఇవ్వు" అని అడిగాను. ఊపిరి ఇవ్వలేదు. నోరు ఇచ్చాడు.

మెట్రోలో తిరిగి వస్తుంటే చెప్పాను. అన్నయ్య నా వైపు తిరిగాడు.

"ఆదివారం నువ్వు దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్తావని పాస్టరు అయ్యగారికి మాటిచ్చాను. సంఘం ఇంతకాలం ప్రార్థించింది. సోమవారం ఉద్యోగంలో చేరు."

"చేరలేను అన్నయ్యా. అక్కడ చచ్చిపోతాను."

"అయితే నా ఇంట్లో ఉండి ఆ పని చేయడం కుదరదు. నేను సంఘపెద్దను, ఎస్తేరూ. ఆదివారం దాకా ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. గూడు లేని మనిషికి వెళ్లే చోటేది, ప్రార్థించే వాళ్లు దూరమైతే మిగిలేదేమిటి, అన్నీ ఆలోచించుకున్నాను. ఆదివారం తెల్ల చీర కట్టుకుని వెళ్లాను. ఉదయం కుక్కల్ని తిప్పి, చేతులు సబ్బుతో కడుక్కునే వెళ్లాను.

అయ్యగారు పిలిచారు. మైకు తీసుకున్నాను. సంఘమంతా ముందే చిరునవ్వుతో హల్లెలూయాకు సిద్ధంగా ఉంది. నేను చీకటి రోజులతో మొదలుపెట్టాను, వాళ్లు తలలు ఊపారు. మాత్రల సంగతి చెప్పాను, కొంతమంది ఊపడం ఆపారు. షేరు మెట్లు దూకడం చెప్పాను, వెనక కూర్చున్న పిల్లలు నవ్వారు. "మీరు నా విడుదల కోసం ప్రార్థించారు, వందనాలు, కానీ ఆ విడుదల అంతకు ముందే వచ్చేసింది, మెడకు పట్టీ కట్టుకుని నాలుగు కాళ్ల మీద వచ్చింది, ఆ ఉద్యోగం నేను..." అనేసరికి ముందు వరుసలోంచి అన్నయ్య పాట ఎత్తుకున్నాడు.

మన సంఘాల్లో ఇది మీకు తెలిసిందే. సాక్ష్యం దారి తప్పిందని పెద్దలకు అనిపిస్తే, మధ్యలో ఆపమని అనరు, పాట ఎత్తుతారు. పాట అంటే అందరూ లేచి చప్పట్లు కొట్టాల్సిందే, సాక్ష్యం చెప్పే మనిషి మర్యాదగా మైకు పెట్టేసి దిగిపోవాల్సిందే. అన్నయ్య గొంతుకు హాలు దద్దరిల్లింది. తబలా అందుకుంది. అందరూ లేచారు. నేను దిగలేదు. మైకు పట్టుకుని నేనూ పాడాను, దేవుడి పాటే కదా, నాకెందుకు కోపం? చరణాలన్నీ అయిపోయాయి. అన్నయ్య పల్లవి మళ్లీ పాడాడు, మళ్లీ పాడాడు, ఆయన గొంతు బొంగురుపోయింది. చివరికి పాట ఆగింది. నేను ఇంకా అక్కడే ఉన్నాను.

"ఆ ఉద్యోగంలో నేను చేరడం లేదు" అన్నాను. "రేపు ఉదయం కూడా కుక్కల్ని నడిపించడానికే వెళ్తాను. దేవునికే మహిమ!"

దేవునికే మహిమ అని మైకులో వినిపిస్తే మనవాళ్ల నోళ్లు ఆగవు. ఆలోచించే లోపే సంఘమంతా ఒక్క గొంతుతో "ఆమేన్!" అంది. స్త్రీల సమాజం పెద్దావిడ అంది. అన్నయ్య కూడా అన్నాడు, అన్నాక నోరు మూసుకున్నాడు. అయ్యగారు ఏదో అనబోయి, నవ్వు ఆపుకుంటూ ఆశీర్వాదం ఇచ్చి కూటం ముగించారు. నోటితో పలికిన ఆమేన్‌ను వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు, సహోదరులారా!

అన్నయ్య కూడా తన మాట వెనక్కి తీసుకోలేదు. నా పెట్టె సర్దుకుంటుంటే వదిన గుమ్మంలో నిలబడి, "ఎక్కడికెళ్తావే ఇప్పుడు?" అంది. ఆ గొంతులో వెటకారం లేదు. నేను వేలు పైకి చూపించాను. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక గది ఉంది, భారతమ్మను కిరాయికి అడిగితే, "కుక్కకు తోడైతది, తీస్కో" అంది. నా వెలి అంటే ఒక అంతస్తు మెట్లు, అంతే! మెట్ల మీద అన్నయ్య ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు. వదిన మాత్రం చేపల పులుసు చేసిన రోజు గిన్నె పైకి పంపిస్తుంది.

భారతమ్మ ప్రభువును నమ్ముకుని రక్షణలోకి వచ్చిందా అని కొందరు అడుగుతారు. రాలేదు. ఆవిడ పూజ ఆవిడ చేసుకుంటుంది, నా ప్రార్థన నేను చేసుకుంటాను, షేరు ఇద్దరి దగ్గరా ప్రసాదం, రొట్టె రెండూ తింటుంది. బల్ల పరిచర్య తిరిగి ఇచ్చారా అని అడుగుతారు. ఇవ్వలేదు. ప్రతి నెల మొదటి ఆదివారం ముందు వెళ్లి అడుగుతాను, కాదంటారు, వచ్చే నెల మళ్లీ అడుగుతాను. నన్ను బయటికి తెచ్చిన దేవుడు నన్ను బయటే నిలబెడతాడని నేను నమ్మను. సంఘాన్ని వదిలిపెట్టను, ముందు వరుసలోనే కూర్చుంటాను, తెల్ల చీర మీద ఒకటి రెండు కుక్క వెంట్రుకలతో.

నా ప్రాణాన్ని నిలబెట్టిన దేవునికి, నాకోసం మంచి మనసుతో పొరపాటు ప్రార్థన చేసిన సహోదరీలకు కూడా, నా హృదయపూర్వక వందనాలు.

ఇక ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నీవు ఏ గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నావో నాకు తెలియదు. దేవుని నమ్ము. జవాబు నీవు అనుకున్న రూపంలో రాకపోతే ఇది ఆయనది కాదని తోసేయకు, నలుగురూ ముక్కు చిట్లించినా తోసేయకు. నీకోసం ప్రార్థిస్తానని చెప్పి నేను ఊరుకోను. ఉదయం ఎండ రాకముందు మా పార్కు గేటు దగ్గరికి రా, ఒక గొలుసు నీ చేతికిస్తాను. అంత దూరం రాలేకపోతే కబురు చెయ్యి, షేరును తీసుకుని నేనే మీ మెట్లు ఎక్కుతాను. తలుపు వెంటనే తియ్యకపోయినా ఫరవాలేదు. నీవు తీసేదాకా అది అక్కడే కూర్చుని తలుపు గీరుతూ ఉంటుంది, దానికి సిగ్గు లేదు, విసుగు రాదు.